నౌన్ క్లాజును ఎలా గుర్తుపట్టాలి, మాట్లాడేటప్పుడు తప్పు లేకుండా ఎలా వాడాలి?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. ఇంగ్లీషులో ఒక పెద్ద వాక్యంలో ఇమిడి, నామవాచకం చేసే పని చేసే చిన్న వాక్యమే నౌన్ క్లాజు. గుర్తుపట్టడం ఎలాగో ఏ వ్యాకరణ పుస్తకమైనా చెబుతుంది కాబట్టి నేను వాడకం గురించే ఎక్కువగా రాస్తాను. పరీక్షల్లో ప్రతి నౌన్ క్లాజు కిందా సరిగ్గా గీత గీసి, తీరా నోరు విప్పవలసిన చోట బోల్తాపడినవాడిని నేను.

ఉద్యోగంలో చేరిన తొలి నెలల్లో ఒక విదేశీ క్లయింటుతో ఫోనులో మాట్లాడవలసి వచ్చింది. మా సాఫ్ట్‌వేరు ఉదయం నుంచి పనిచేయడం లేదని ఆయన అప్పటికే విసిగిపోయి ఉన్నారు. ఆయన ఇబ్బంది ఏమిటో తెలుసుకుందామనే మంచి ఉద్దేశంతోనే, నాకు చేతనైనంత మర్యాదగా, "ఐ వాంట్ టు నో వాట్ ఈజ్ యువర్ ప్రాబ్లమ్" అన్నాను. అవతలి నుంచి మాట లేదు. పక్కనే ఉన్న మా టీమ్ లీడర్ ఫోను అందుకుని, క్షమాపణ చెప్పి, ఎలాగో సంభాషణను దారిలో పెట్టారు. కాల్ ముగిశాక ఆమె కోప్పడలేదు. నా వాక్యాన్ని ఒక కాగితం మీద రాసి, మధ్యలో ఉన్న 'ఈజ్'ను కొట్టివేసి చివర చేర్చారు. 'యువర్' తీసేసి 'ద' పెట్టారు. "వాట్ ద ప్రాబ్లమ్ ఈజ్" అయింది. "మీరు అన్నది ఆయనకు 'నీ బాధేమిటి?' అని నిలదీసినట్టు వినిపించింది" అని మాత్రం చెప్పి తన పనిలో పడిపోయారు.

ఆ కాగితం నాకు అప్పటిదాకా చదివిన పాఠాలన్నిటికంటే ఎక్కువ నేర్పింది. ప్రశ్న మరో వాక్యంలో ఇమిడిపోయినప్పుడు అది ఇక ప్రశ్న కాదు, ఒక నామవాచకం చేసే పని చేస్తుంది. ఈ మార్పును మనం తెలుగులో రోజూ చేస్తూనే ఉన్నాం. "అతను ఎక్కడ ఉంటాడు?" అన్నది ప్రశ్న, "అతను ఎక్కడ ఉంటాడో నాకు తెలియదు" అన్నప్పుడు చివర చేరిన 'ఓ' దాన్ని నామవాచకంగా మార్చేసింది. ఇంగ్లీషుకు ఆ 'ఓ' లేదు కాబట్టి, అది ప్రశ్న కోసం తారుమారు చేసిన పదాల వరసను తిరిగి మామూలు వరసకు తెచ్చి అదే పని చేయించుకుంటుంది. "వేర్ డజ్ హి లివ్" అన్నది "ఐ డోంట్ నో వేర్ హి లివ్స్" అవుతుంది. 'డజ్' మాయమై, దానిలోని 'ఎస్' వెళ్లి క్రియకు అంటుకుంటుంది. మన "వస్తాడో రాడో" అన్నదానికి ఇంగ్లీషులో 'వెదర్' ఉంది, దాని స్థానంలో చాలాచోట్ల 'ఇఫ్' కూడా చెల్లుతుంది, కానీ 'ఆన్', 'అబౌట్' వంటి ప్రిపొజిషన్ తరువాత చెల్లదు: "ఇట్ డిపెండ్స్ ఆన్ వెదర్ హి కమ్స్" అనాలి.

అయితే తెలుగు ఒకచోట మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది. 'అని' అనే మాటను మనం ప్రశ్నకు కూడా తగిలిస్తాం: "ఎక్కడున్నావు అని అడిగాను." ఆ అలవాటుతోనే చాలామంది "ఐ ఆస్క్‌డ్ దట్ వేర్ ఆర్ యూ" అంటారు. ఇంగ్లీషులో 'దట్' మామూలు వాక్యానికే తోడు వస్తుంది, 'వేర్' ఉన్నచోట దానికి పని లేదు. "ఐ ఆస్క్‌డ్ వేర్ యూ వర్" అంటే చాలు.

ఇక్కడ నా ఫిర్యాదు ఒకటి చెప్పుకోవాలి. బడిలో ఏళ్ల తరబడి మాతో చేయించింది క్లాజు కింద గీత గీయడం, అది సబ్జెక్టా, ఆబ్జెక్టా, కాంప్లిమెంటా అని పేరు పెట్టడం. ఒక ప్రశ్నను తీసుకుని వాక్యంలో ఇమడ్చమని నన్ను ఎవరూ అడిగిన గుర్తు లేదు. పేర్లు పెట్టడం వల్ల నోరు తిరుగుతుందని నేను ఈనాటికీ నమ్మను. గుర్తుపట్టడానికి కూడా ఒక్క ఉపాయం చాలు: ఆ భాగం మొత్తాన్ని తీసేసి 'ఇట్' పెట్టి చూడండి. "వాట్ హి సెడ్ ఈజ్ ట్రూ" అన్నది "ఇట్ ఈజ్ ట్రూ" అయినా వాక్యం నిలిచింది కదా, అయితే అది నౌన్ క్లాజే. 'ది ఫ్యాక్ట్ దట్ హి కేమ్' లాగా క్లాజు తనకు ముందున్న నామవాచకాన్ని వివరించే చోట్ల ఈ ఉపాయం పారదు, కానీ సంభాషణలో అవి తక్కువ.

వరస మార్చాలన్న సూత్రం వంటబట్టాక కొన్నాళ్లు నేను రెండో వైపు బోల్తాపడ్డాను. "హూ బ్రోక్ ఇట్", "వాట్ హ్యాపెన్‌డ్" వంటి వాటిలో ప్రశ్నపదమే కర్త కాబట్టి వరసలో మార్చడానికి ఏమీ ఉండదు. "ఐ నో వాట్ హ్యాపెన్‌డ్" అని ఉన్నదున్నట్టే అనేయవచ్చు. అది తెలియక నేను ఏదో ఒకటి మార్చి తీరాలని వెతుక్కుంటూ వాక్యం మధ్యలోనే ఆగిపోయేవాణ్ణి. ఆ ఆగిపోవడం చూసి, ఏం జరిగిందో నాకు నిజంగానే తెలియదని అవతలివాళ్లు అనుకునేవారు.