పరంజా కట్టిన రోజే విప్పే సంగతీ చూసుకోండి

ప్రశ్న: ఏడో తరగతికి సైన్స్ చెబుతాను. ఇంగ్లీషు ఈమధ్యే మొదలుపెట్టిన ఆరుగురు పిల్లలు మిగతావాళ్లతో కలిసే కూర్చుంటారు. ఆటస్థలంలో గడగడా మాట్లాడతారు. జవాబు రాయమంటే మాత్రం రెండు ముక్కలు రాసి ఆపేస్తారు. బద్ధకమా? వీళ్లకోసం పాఠం తేలిక చెయ్యాలా?

జవాబు: బద్ధకం కాదు. ఆటలో పనికొచ్చే ఇంగ్లీషు వేరు, పాఠ్యపుస్తకం ఇంగ్లీషు వేరు. జిమ్ కమిన్స్ అనే పరిశోధకుడు ఈ రెంటినీ విడదీసి చూపించాడు. మొదటిది సుమారు రెండేళ్లలో పట్టుబడుతుంది. రెండోదానిలో తోటివాళ్లను అందుకోవాలంటే ఐదు నుంచి ఏడేళ్లు పట్టవచ్చు. గడగడా మాట్లాడుతున్నాడు కదా, ఇక సాయమెందుకు అనుకోవడం దగ్గరే చాలామంది టీచర్లు పొరబడతారు.

పాఠం తేలిక చేస్తే ఇంగ్లీషు రాకపోగా సైన్సు కూడా పోతుంది. ముందు చిక్కు ఎక్కడుందో తేల్చుకోండి. నీళ్లు ఆవిరవడం పాఠమైతే బొమ్మ వేసి బాణాలు గీయమనండి, లేదా ఇంటి భాషలో చెప్పమనండి. అది సరిగా వస్తే విషయం అర్థమైనట్టే. అడ్డం వస్తున్నది వాక్యమే.

పాఠానికి ముందు ఐదారు మాటలు ఏరుకోండి. 'ఎవాపరేషన్' సంగతి పుస్తకమే బొమ్మతో సహా చూసుకుంటుంది. 'సర్ఫేస్', 'ఇన్‌క్రీజ్', 'దేర్‌ఫోర్', 'వేరాజ్' లాంటివాటికి దిక్కులేదు. అవి ఇంగ్లీషు పీరియడ్‌లో వచ్చేసి ఉంటాయని మీరనుకుంటారు, సైన్సులో వస్తాయిలే అని ఇంగ్లీషు టీచర్లనుకుంటారు.

ఇక పని వరస. సమానమైన నీళ్లు ఒక వెడల్పాటి పళ్లెంలోనూ, ఒక సన్నమూతి సీసాలోనూ పోసి పక్కపక్కనే పెట్టించండి. మర్నాడు ఆ రెంటి ముందు నిలబడి మాట్లాడుకునే జట్టుకు 'దిస్ వన్ వెంట్ ఫాస్ట్' అంటే సరిపోతుంది, వస్తువు కళ్లముందే ఉంది. రెండో మెట్టులో, వేరే ప్రయోగం చేసిన జట్టుకు ఆ సంగతి చెప్పించండి. అప్పుడు 'దిస్' పనికిరాదు. ఏ పాత్రలో, ఎంత నీరు, ఎందుకు తగ్గింది, అన్నీ మాటల్లో పెట్టాల్సిందే. రాత మూడో మెట్టు. మనం సాధారణంగా మొదటి మెట్టు మీది నుంచి మూడోదానికి దూకమంటాం. మధ్య మెట్టుకు ఎనిమిది, పది నిమిషాలు ఇచ్చి చూడండి, రాత అంతకుముందులా ఉండదు.

రాతకు సగం వాక్యాలు ఇవ్వొచ్చు: 'ద వాటర్ ఇన్ ద ______ ఎవాపరేటెడ్ ఫాస్టర్ బికాజ్ ______.' ఖాళీ ఎక్కడ వదిలామన్నదే అసలు సంగతి. 'వాటర్ చేంజెస్ ఇంటు ______' అని ఒక్క మాట వదిలారంటే ఆలోచన మీరే చేసేశారు, పిల్లవాడికి అతికించే పని మిగిలింది. 'బికాజ్' తర్వాత వదలండి.

ప్రశ్న: సగం వాక్యాలు, బోర్డు మీద మాటల పట్టిక అన్నీ ఇచ్చాను. ఇప్పుడవి లేకుండా ఎవరూ కలం కదపడం లేదు.

జవాబు: 1976లో వుడ్, బ్రూనర్, రాస్ అనే పరిశోధకులు ఒక వ్యాసంలో ఇలాంటి సాయాన్ని 'స్కాఫోల్డింగ్' అన్నారు. తాపీమేస్త్రీల భాషలో పరంజా. గోడ లేచాక పరంజా ఉంచేస్తే అది గోడకే అడ్డం. మొదటి వారం సగం వాక్యం ఇచ్చారనుకోండి, రెండో వారం వాక్యంలో మొదటి మూడు మాటలే ఇవ్వండి. తర్వాత కలిపే మాటలు మాత్రం, అంటే 'బికాజ్', 'ఆల్దో' లాంటివి. ఆ తర్వాత పట్టికను కాగితం వెనకవైపు వేయండి, కావలసినవాడే తిప్పి చూసుకుంటాడు. ఎవరు తిప్పారో గమనిస్తే ఎవరికి ఇంకా కావాలో మీకే తెలుస్తుంది. ఆరుగురూ ఒకే వేగంతో రారు కాబట్టి ఈ వారాల లెక్క గట్టిగా పట్టుకోనక్కర్లేదు.

రెండు వారాలకొకసారి ఏ సాయమూ లేకుండా ఐదు వాక్యాలు రాయించి, తేదీ వేసి దాచండి. సాయంతో రాసిన కాగితం ఒక్కటే చూస్తే అందరూ వచ్చేసినట్టే కనిపిస్తుంది.

ఇంకొక మాట. ఆ ఆరుగురికే రంగు కాగితం పంచిపెట్టకండి. పంచారా, మూడోరోజుకి దాన్ని పుస్తకం కింద దాచేస్తారు. పట్టిక అందరికీ కనబడేలా పెట్టండి, అవసరం లేనివాళ్లు దాని జోలికి పోరు.

ప్రశ్న: కొత్తగా చేరిన అమ్మాయి నెలయినా నోరు విప్పదు. పలకరిస్తే తల దించుకుంటుంది.

జవాబు: కొత్త భాషలో కొందరు కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు విని ఊరుకుంటారు. బలవంతపెట్టకండి, వదిలేయనూ వద్దు. మొదట వేలితో చూపించే ప్రశ్న, తర్వాత అవును-కాదు, తర్వాత 'ఇదా, అదా', చివరికి 'ఎందుకు'. అడిగాక మనసులో మూడు లెక్కపెట్టండి. టీచర్లు సగటున ఒక్క సెకనే ఆగుతారని మేరీ బడ్ రో అనే పరిశోధకురాలి పరిశీలనల్లో తేలింది. రెండో భాషలో వాక్యం కూర్చుకునేవాళ్లకు ఆ ఒక్క సెకను దేనికీ చాలదు. ఇంటి భాష తెలిసిన పిల్ల పక్కన ఉంటే మంచిదే, కానీ ఆమెను రోజంతా దుబాసీగా వాడితే ఇద్దరి చదువూ కుంటుతుంది.

ప్రశ్న: మిగతా టీచర్లకు ఈ పద్ధతులు నేర్పే బాధ్యత నాకప్పగించారు. 'అది ఇంగ్లీషు టీచరు పని' అని తేల్చేస్తున్నారు. ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?

జవాబు: ఉపన్యాసంతో మాత్రం వద్దు. ఇష్టపడే ఇద్దరు చాలు. నలభై నిమిషాలు కూర్చోండి, బల్లమీద ముగ్గురు పిల్లల రాతలు ఉండాలి. ఐదు నిమిషాలు మౌనంగా చదవండి. పది నిమిషాలు పిల్లవాడికి ఏం వచ్చో మాత్రమే మాట్లాడండి (ఇది కష్టం, నోరు తప్పుల వైపే లాగుతుంది). పదిహేను నిమిషాలు ఎక్కడ ఆగాడు, ఎందుకు ఆగాడు అన్నది చూడండి. మిగిలిన పదిలో ఒకే ఒక్క సాయం ఎంచుకుని, ఏ పాఠంలో ఎప్పుడు వాడతారో రాసుకోండి. మూడు ఎంచుకుంటే ఒక్కటీ జరగదు.

లెక్కల టీచరును ఒప్పించడానికి ఒక్క ఉదాహరణ చాలు. '5 లెస్ దేన్ 12' అన్నప్పుడు 12 - 5 అని రాయాల్సింది చాలామంది 5 - 12 అని రాస్తారు, చదివిన వరసలోనే. తీసివేత వచ్చినవాడే ఇలా రాస్తే ఆ తప్పు లెక్కది కాదు, 'లెస్ దేన్' అన్న మాటది. దాన్ని విప్పి చెప్పాల్సింది లెక్కల పీరియడ్‌లోనే.

తరగతి చూడటానికి వెళితే పదిహేను నిమిషాలు కూర్చుని, ఆ పిల్లలు ఎన్నిసార్లు మాట్లాడారు, ఒక్కోసారి ఎన్ని మాటలు అన్నది లెక్కపెట్టి ఆ కాగితం ఆ టీచరు చేతికే ఇచ్చి రండి. హెడ్‌మాస్టరు బల్లమీదకు ఒక్కసారి వెళ్లిందంటే మీరు సహోద్యోగి కాదు, ఇన్‌స్పెక్టరు. ఆయన్ను అడగాల్సింది వేరే ఉంది: రెండు వారాలకొకసారి టైమ్‌టేబుల్లో మీ ముగ్గురికీ ఒకే ఖాళీ పీరియడ్. బడి వదిలాక కూర్చుందామనుకున్న సమావేశాలు మూడోదానికే ఆగిపోతాయి.

ప్రశ్న: ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడమని తల్లిదండ్రులకు చెప్పాలా?

జవాబు: వద్దు. వాళ్లకు బాగా వచ్చిన భాషలోనే కథలు చెప్పమనండి, వాదించమనండి. రేపటి పాఠం దేని గురించో ముందురోజు చెప్పి పంపితే, దాని మీద ఇంట్లో ఐదు నిమిషాలు మాట్లాడుకుని వచ్చిన పిల్లవాడికి తరగతిలో విషయం కొత్త కాదు, మాటలే కొత్త.