శాలువా జారిన సంగతి వీడియోలో లేదు

“మా నాన్నగారికి 58 ఏళ్లు, నెల క్రితం పక్షవాతం వచ్చింది. వీడియోల్లో మూడు నాలుగు నెలలకే లేచి తిరుగుతున్నవాళ్లను చూపిస్తున్నారు. నిజంగా అంతగా కోలుకుంటారా?” అని అడిగారు. మీరు చూసినవాటిలో ఒకటి నాదే అయివుండవచ్చు. నీలం గళ్ల చొక్కా, చేతిలో పూలగుత్తి, వెనక వేణునాదం. 52 సెకన్లు. అందులో కళ్లు తుడుచుకుంటున్న మనిషిని నేనే.

ఆరేళ్ల క్రితం, నాకు 49 ఏళ్లప్పుడు ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. విజయవాడ వన్‌టౌన్‌లో చీరల హోల్‌సేల్ దుకాణంలో సేల్స్‌మన్‌గా పనిచేసేవాడిని. తెల్లదుప్పటి పరిచిన పరుపు మీద కూర్చుని, ఒక్క విదిలింపుతో చీరను కొంగు దాకా పరచడం నా విద్య. ఆ రోజు రాత్రి పది గంటలకు చెయ్యి తిమ్మిరెక్కింది. బస్తాలు మోసిన నొప్పేమో అనుకున్నాం. మా ఆవిడ బామ్ రాసి పడుకోబెట్టింది. తెల్లవారేసరికి మూతి వంకర పోయింది. ఆసుపత్రికి చేరేసరికి ఉదయం ఏడు. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలట. మాకు తొమ్మిది గంటలు పట్టింది.

ఏడాది తర్వాత అక్టోబర్ 29న, ప్రపంచ స్ట్రోక్ (పక్షవాతం) దినమని, ఒక ఆసుపత్రివారు సభ పెట్టి నన్ను పిలిచారు. పేరు చెప్పను, అక్కడ నా ప్రాణం నిలిపారు కూడా. వేదికకు ఐదు మెట్లున్నాయి, పట్టుకోవడానికి కమ్మీ లేదు. కోలుకున్నవాళ్లను సన్మానించే వేదికకు కమ్మీ పెట్టాలని ఎవరికీ తోచకపోవడం నాకు ఇప్పటికీ విడ్డూరమే. ఇద్దరు కుర్రాళ్లు చంకల కింద చేతులు వేసి పైకి ఎత్తారు. కెమెరా ఆ తర్వాతే మొదలైంది. వేదిక మీద పదకొండు అడుగులు వేశాను. ముందురోజు ఇంట్లో అంతే అభ్యాసం చేయించారు కాబట్టి సరిగ్గా పదకొండే. “సరైన సమయానికి ఆసుపత్రికి చేరడం వల్లే ఈయన ఈ రోజు మన ముందు నిలబడ్డారు” అని మైకులో చెప్పారు. నా పక్కనే నిలబడిన మా ఆవిడ తల దించుకుంది.

తర్వాత శాలువా కప్పారు. నా ఎడమ భుజం కిందికి వాలి ఉంటుంది, చొక్కాలో తెలియదు. శాలువా అటువైపు నుంచి జారింది. మళ్లీ కప్పారు, మళ్లీ జారింది. అప్పటికే కుడిచేతిలో పూలగుత్తి పెట్టేశారు కాబట్టి పట్టుకునే చెయ్యి లేదు. మూడోసారి ఒక నర్సమ్మ వెనక నిలబడి రెండు వేళ్లతో శాలువాను పట్టుకుంది. వీడియోలో ఆ రెండు వేళ్లు కనిపించవు, జాగ్రత్తగా కత్తిరించారు.

అప్పుడే నాకు ఏడుపు వచ్చింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఆ ఏడుపు కృతజ్ఞత కాదండీ. మెదడులో కొన్నిచోట్ల దెబ్బతింటే ఏడుపు, నవ్వు అదుపులో ఉండవు. లోపల దుఃఖమేమీ లేకుండానే కళ్ల వెంట నీళ్లు కారిపోతాయి. వార్తల్లో కృష్ణకు వరదనీరు వస్తోందన్నా ఏడుస్తాను. గ్యాస్ బండ తెచ్చే కుర్రాడిని చూసినా ఏడుస్తాను. మా పెదనాన్నగారి దినకర్మలో పురోహితుడు మంత్రం చదువుతుంటే నవ్వు ఆగక బయటికి తీసుకుపోయారు. ఆ సభలో ఏడుపు బదులు నవ్వు వచ్చి ఉంటే ఈ వీడియో ఉండేది కాదు. నా జబ్బు లక్షణాన్నే నా విజయగాథకు పతాక సన్నివేశం చేశారు.

ఆ వీడియో మా బంధువులందరికీ చేరింది. ఫలితమేమిటంటే, వైకల్య పింఛనుకు కావలసిన సదరం సర్టిఫికెట్ కోసం వెళ్తున్నానని తెలిసి మా బావగారు, “వీడియోలో దర్జాగా నడిచావుగా, నీకు పింఛనెందుకు బావా?” అన్నాడు. వైకల్యం 40 శాతం ఉంటే నెలకు 6,000. మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైతే 15,000. వేదిక మీద ఎంత బాగయ్యానో చూపించాలి, సదరం శిబిరంలో ఎంత బాగవలేదో చూపించాలి. ఒకే కాలితో రెండు పరీక్షలు రాశాను.

మా ఇల్లు చిట్టినగర్ వైపు కొండ మీద. వీధి నుంచి గడప దాకా 84 మెట్లు. “పేషెంట్ నడుస్తున్నారు” అని కాగితం మీద రాసి పంపినవారు నడిపించింది చలువరాయి పరిచిన చదునైన గదిలో. నలభయ్యో మెట్టు దగ్గర ఒకరింటి అరుగు ఉంది. రోజూ అక్కడ కూర్చుంటాను. అలసట అంటే మీరనుకునే అలసట కాదు. దీపం వత్తి దించినట్టు ఉన్నట్టుండి ఒళ్లంతా ఆరిపోతుంది. స్నానం చేసి చొక్కా వేసుకున్నాక అరగంట పడుకోవాలి. గుండీల చొక్కా కనిపెట్టినవాడికి రెండు చేతులూ పనిచేస్తూ ఉండి ఉంటాయి.

కంటికి కనిపించని సంగతి ఇంకొకటి. మొదటి నెలల్లో నాకు ఎడమవైపు ప్రపంచమే లేదు. చూపు బాగానే ఉంది, మెదడు పట్టించుకోదు, అంతే. గడ్డం కుడిచెంపే గీసుకునేవాడిని. కంచంలో ఎడమపక్క పప్పు అలాగే ఉండిపోయేది. మా ఆవిడ రుచిగా లేదేమోనని రెండు రోజులు బాధపడి, మూడోరోజు ఊరికే కంచం తిప్పి పెట్టింది. మొత్తం తినేశాను. ఇది తగ్గిందనుకునే దుకాణానికి వెళ్లాను. చీరలు పరచలేను కాబట్టి షావుకారుగారు బిల్లుల దగ్గర కూర్చోబెట్టారు. 1,450 రూపాయల బిల్లును 450 అని చదివి డబ్బు తీసుకున్నాను. ఎడమ చివర ఒకటి నాకు కనిపించలేదు. ఒకసారి కాదు, వారంలో మూడుసార్లు. ఆయన ఏమీ అనలేదు, నెలాఖరుకు లెక్క తేల్చి పంపించారు. ఇప్పుడు ఇంట్లోనే చీరలకు ఫాల్స్ కుట్టే మా ఆవిడకు దారం ఎక్కించి ఇస్తాను. అదీ ఒంటిచేత్తోనే, సూదిని సబ్బుబిళ్లకు గుచ్చి.

సూది అంటే గుర్తొచ్చింది. పక్షవాతం వస్తే సూదితో పది వేళ్లూ పొడిచి రక్తం తీయమని ఒక సందేశం ఏళ్ల తరబడి ఫోన్లలో తిరుగుతోంది. దయచేసి దాన్ని ఎవరికీ పంపకండి. ఉన్న నాలుగున్నర గంటలు వేళ్లు పొడుచుకోవడానికి కాదు. పావురం రక్తం రాయమనేవాళ్లు మీ ఇంటికీ వస్తారు. పక్షవాతంలో ‘పక్షం’ అంటే శరీరంలో ఒక పక్క. దాన్ని ఎవరో పక్షి అనుకున్నారని, పావురాలకు ఈ ముప్పు అలా వచ్చిందని నా సిద్ధాంతం. మా పిన్ని నిజంగానే బుట్టలో రెండు పావురాలను తెచ్చింది. నేను ఏడ్చాను, మా ఆవిడ వాటిని వదిలేసింది. ఆ ఒక్కసారి నా ఏడుపు పనికొచ్చింది.

మా అమ్మాయి ఒకసారి జిల్ బోల్ట్ టేలర్ అనే అమెరికా మెదడు శాస్త్రవేత్త ప్రసంగం చూపించింది. ఆవిడకు 1996లో, 37 ఏళ్లకే స్ట్రోక్ వచ్చింది. 2008లో ఆవిడ చేసిన ప్రసంగాన్ని లోకమంతా చూసింది. గొప్పగా మాట్లాడుతుంది. ప్రసంగం 18 నిమిషాలు, పూర్తిగా కోలుకోవడానికి పట్టింది ఎనిమిదేళ్లు. జనం ఆ 18 నిమిషాలనే పంచుకుంటారు. బడిలో లూయీ పాశ్చర్ గురించి, పిచ్చికుక్క కరిచిన కుర్రాడి గురించి చదువుకున్నాం కదా. ఆయనకు 1868లో, 45 ఏళ్లకు పక్షవాతం వచ్చింది, నాలాగే ఎడమవైపు. ఆ కుర్రాడిని కాపాడింది 1885లో, పూర్తిగా స్వాధీనంలోకి రాని ఆ చెయ్యి, కాలుతోనే. ఇది తెలిసినప్పుడు నాకు కలిగిన ధైర్యం ఏ వేణునాదం వీడియోతోనూ కలగలేదు. ఆయన బాగైపోలేదు, అలాగే పని చేసుకున్నాడు.

మీ నాన్నగారి విషయానికి వస్తాను. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో మార్పు వేగంగా ఉంటుంది, ఫిజియోథెరపీ ఒక్కరోజు కూడా మానవద్దు. ఆ తర్వాత ఇక రాదని ఎవరైనా అంటే నమ్మవద్దు. నా మధ్యవేలు కదిలింది పద్నాలుగో నెలలో. బీపీ మాత్రలు బాగయ్యాక కూడా వేసుకోవాలి, రెండోసారి వచ్చేది చాలామందికి అవి మానేసినప్పుడే. ఆయన మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకుంటుంటే బద్ధకమని తిట్టకుండా డాక్టరుకు చెప్పండి. దిగులు కూడా ఈ జబ్బులో భాగమే, దానికీ మందులున్నాయి. ఆ వీడియోలు మాత్రం ఆయనకు చూపించవద్దు. నాకు మా వాళ్లు రోజుకు నాలుగు చూపించేవారు. ప్రతిదాని చివరా “చూశావా, మనసుంటే అవుతుంది” అనేవారు. నా కాలు కదలకపోవడం నా మనసు తప్పయి కూర్చుంది.

ఇంతకీ ఆ గ్యాస్ కుర్రాడు. కొండ మీదికి బండ మోసినందుకు 50 రూపాయలు అదనంగా ఇస్తాం. మొన్న 84 మెట్లూ ఎక్కి, బండ దించి, చెయ్యి చాచేసరికి నేను నోటు పట్టుకుని ఏడుస్తున్నాను. ఇది జబ్బు బాబూ అని చెప్పబోయాను, ఏడుపులో మాట ముద్దగా వచ్చింది. “వద్దులే బాబాయ్, ఉంచుకో” అని దిగిపోయాడు. మా ఆవిడ ఆ యాభై పట్టుకుని అరుగు దాకా వెంటపడింది గానీ దొరకలేదు.