బెంగళూరులో ఆరో తరగతి బాబుని స్కూల్లో ఏడిపిస్తున్నారు, టీచర్ పట్టించుకోవట్లేదు. టీసీ తీసుకోవాలా?

ఈ ఏడాదే విజయవాడ నుంచి వచ్చామని, సీబీఎస్ఈ స్కూల్లో బాబుని "గుల్టీ" (తెలుగువాళ్లని వెక్కిరించే మాట) అంటూ ఏడిపిస్తున్నారని, టీచరేమో "పిల్లలన్నాక మామూలే" అంటోందని రాశారు. టీసీ మాట ఇప్పుడే వద్దండి. ఈ గొడవ రోజులో ఏ వేళ, స్కూల్లో ఏ చోట జరుగుతోందో ముందు అది కనుక్కోండి.

మేం మారతహళ్లి వైపు ఉంటాం. మా వాడూ ఆ వయసులోనే ఇందులో చిక్కుకున్నాడు. వాడు నోరు విప్పలేదు, వాటర్ బాటిల్ చూసి నాకే అనుమానం వచ్చింది. ఎండాకాలంలో కూడా పొద్దున నింపిన నీళ్లు నింపినట్టే ఇంటికొచ్చేవి. బస్సు దిగగానే షూ కూడా విప్పకుండా బాత్రూంలోకి పరుగు. సంగతేంటంటే, షార్ట్ బ్రేక్‌లో పెద్ద క్లాసు పిల్లలిద్దరు టాయిలెట్ దగ్గర కాపు కాసి, వీడు లోపలికెళ్లగానే బయట గడియ పెట్టేసేవాళ్లు. బెల్ కొట్టాక తీసేవాళ్లు. క్లాసుకి లేటైనందుకు టీచర్ చివాట్లు అదనం. నీళ్లు తాగితే వెళ్లాల్సి వస్తుందని రోజంతా గొంతు తడుపుకునేవాడు కాదు.

ఇదంతా రాబట్టడానికి "ఎవరు? నువ్వెందుకు ఊరుకున్నావు?" అని అడగలేదు. అలా అడిగితే పిల్లలు బిగుసుకుపోతారు. స్కూల్ మ్యాప్ గీసి, నచ్చని చోట ఇంటూ పెట్టమన్నాను. టాయిలెట్ మీద పెన్సిల్ ముల్లు విరిగేంత గట్టిగా పెట్టాడు.

మా మావయ్యగారు ఫోన్‌లో "వాణ్ణీ రెండు తగిలించి రమ్మను" అన్నారు. పెద్దవాళ్లకి అదే తోస్తుంది. కానీ వాళ్లిద్దరు, వీడొక్కడు, పైగా చిన్నవాడు. తిరగబడితే దెబ్బలూ వీడికే, డైరీలో కంప్లయింటూ వీడి మీదే. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టడం, ఆ పిల్లల అమ్మానాన్నల్ని లిఫ్ట్ దగ్గర నిలదీయడం కూడా వద్దు. కన్నడ నేర్పిస్తే సర్దుకుంటుందని కూడా చెప్తారు. నేర్పించండి, ఇక్కడ బతుకుతున్నాం కదా. దానికీ దీనికీ సంబంధం లేదు, మా వాడు కన్నడ గడగడా మాట్లాడతాడు.

స్కూల్‌తో నోటిమాటగా కాకుండా ఈమెయిల్‌లో మాట్లాడండి. ప్రిన్సిపల్‌కి పంపి, క్లాస్ టీచర్‌కి కాపీ పెట్టండి. తేదీ, వేళ, చోటు, ఏం జరిగిందో రాయండి చాలు, మీ కోపం రాయొద్దు. బుల్లీయింగ్ అరికట్టడానికి ప్రతి స్కూల్లో కమిటీ ఉండాలని సీబీఎస్ఈ 2015 మార్చిలోనే సర్క్యులర్ ఇచ్చింది. వైస్ ప్రిన్సిపల్, సీనియర్ టీచర్, కౌన్సెలర్, తల్లిదండ్రుల తరఫున ఒకరు, ఇలా ఉండాలి. "మన కమిటీలో ఎవరెవరున్నారో తెలియజేయగలరు" అని చివర ఒక్క లైన్ చేర్చండి. అంతవరకూ తేలిగ్గా మాట్లాడినవాళ్లు ఆ లైన్ చదివాక మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడారు.

ఆ పిల్లల్ని సస్పెండ్ చేయమని మాత్రం మొదలుపెట్టకండి, మాట అక్కడే ఇరుక్కుపోతుంది. మేం బ్రేక్‌లో టాయిలెట్ల దగ్గర ఒక ఆయా ఉండాలని, బయటి గడియలు తీసేయాలని, వీడు క్లాసు మధ్యలో అడిగినా పంపాలని, మళ్లీ ఎప్పుడు కలుద్దామో తేదీ చెప్పాలని అడిగాం. అన్నీ చేశారు. కోఆర్డినేటర్ మాత్రం ముగ్గుర్నీ నిలబెట్టి షేక్‌హ్యాండ్ ఇప్పిస్తానంది. వద్దన్నాం. పెద్దల ముందు నవ్వి చెయ్యి కలిపినవాడు మెట్ల దగ్గర అంతకంత తీర్చుకుంటాడు. మీ వాడిది మాటలతో ఏడిపించడం కాబట్టి ఏ పీరియడ్‌లో, బస్సులో ఏ సీట్ల దగ్గర అంటున్నారో తెలిస్తే సీటు మార్పించమని అడగొచ్చు.

టీచరే పేరుపెట్టి అవమానిస్తుంటే అది వేరే కేసు. విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. ఒంటిమీద తప్పుగా చెయ్యి వేసిన సంగతి ఉంటే ఈమెయిళ్లతో కాలయాపన చేయకండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ పోలీసులకి గానీ వెంటనే చెప్పండి. పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన పోక్సో చట్టం ప్రకారం తెలిసీ చెప్పకపోతే స్కూల్‌దీ నేరమే, "స్కూల్ పరువు" అని బతిమాలినా సరే. ఫోన్లలో ఫొటోలు, మెసేజ్‌లు తిరుగుతుంటే డిలీట్ చేయించేముందు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి.

రెండు మెయిళ్లకీ స్కూల్ కదలకపోతే కర్ణాటక రాష్ట్ర బాలల హక్కుల రక్షణ కమిషన్ ఈ ఊళ్లోనే ఉంది. ఆ మెయిళ్ల ప్రింట్లు జతచేసి ఫిర్యాదు ఇవ్వండి. టీసీ సంగతి ఆ తర్వాత, అదీ బాబుని అడిగాకే. ఈలోగా వాడు నిద్రలో ఉలిక్కిపడుతున్నా, ఆదివారం రాత్రి అయ్యేసరికి కడుపునొప్పి అంటున్నా, స్కూల్ సంగతి తేలేదాకా ఆగకుండా డాక్టర్‌కి చూపించండి. హోసూర్ రోడ్డులోని మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో పిల్లలకి ప్రత్యేక విభాగం ఉంది. అంతదూరం వెళ్లడానికి తటపటాయిస్తే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఫ్రీ, తెలుగులోనూ మాట్లాడొచ్చు.