మనాస్ స్థావరం మూతపడినందువల్ల కిర్గిజ్‌స్తాన్ నష్టపోయిందా?

2014లో అమెరికా సైన్యం మనాస్ వైమానిక స్థావరాన్ని ఖాళీ చేయడంతో కిర్గిజ్‌స్తాన్ ఆర్థికంగా దెబ్బతిన్నదా, ఆ రోజుల్లో అక్కడ ఉన్నవారు చెప్పగలరా అని అడిగారు. అప్పుడు నేను ఆ దేశ రాజధాని బిష్కెక్‌లో వైద్యవిద్య చదువుతున్నాను. దేశం మొత్తం మీద చూస్తే ఆ దెబ్బ స్వల్పమేనని, స్థావరంలో ఉద్యోగాలు చేసిన కుటుంబాలకు మాత్రం పెద్దదేనని నా అభిప్రాయం.

పర్వత దేశంలోని స్థావరం అనగానే శిఖరాల నడుమ ఇరుకైన రన్‌వే మనసులో మెదులుతుంది గానీ, మనాస్ ఉన్నది చూయ్ లోయలోని చదును నేల మీద. అలా-తో పర్వతశ్రేణి దక్షిణాన కొంత దూరంలో కనబడుతుంది. పౌర విమానాలు దిగేదీ ఆ రన్‌వే మీదనే. అది సుమారు 4,200 మీటర్ల పొడవు ఉండడం వల్ల, నిండా ఇంధనం నింపుకున్న కేసీ-135 ట్యాంకర్లు అక్కడి నుంచి ఎగిరి, అఫ్ఘానిస్తాన్ మీద తిరిగే యుద్ధవిమానాలకు గాలిలోనే ఇంధనం అందించగలిగేవి. సెలవులకు వచ్చిపోయేటప్పుడు ఆ బూడిదరంగు ట్యాంకర్లు మా విమానం కిటికీలోంచి వరుసగా కనబడేవి. ఫోటోలు తీయవద్దని సీనియర్లు ముందే హెచ్చరించేవారు.

2001 డిసెంబరులో మొదలైన ఈ స్థావరం విలువ, 2005లో ఉజ్బెకిస్తాన్ తన కార్షీ-ఖానాబాద్ స్థావరం నుంచి అమెరికాను పంపివేయడంతో మరింత పెరిగింది. 2009 ఫిబ్రవరిలో అధ్యక్షుడు బకీయెవ్, రష్యా భారీ రుణసాయం ప్రకటించిన సందర్భంలోనే, దీన్ని మూసివేస్తామని మాస్కోలో చెప్పారు. తీరా కొద్ది నెలలకే, ఏడాదికి 17 మిలియన్ డాలర్ల పైచిలుకు ఉన్న అద్దెను 60 మిలియన్లకు పెంచుకుని, దానికి ‘ట్రాన్సిట్ సెంటర్’ అని పేరు మార్చి కొనసాగనిచ్చారు. బేరమాడడంలో ఆయన ఆరితేరినవారని ఒప్పుకోక తప్పదు! మరుసటి ఏడాది ప్రజాగ్రహానికి ఆయన పదవి పోయింది. తర్వాత వచ్చిన అతంబాయెవ్ 2014 దాటి ఒప్పందాన్ని పొడిగించేది లేదని 2011లోనే స్పష్టం చేశారు, 2013లో పార్లమెంటు ఆమోదించింది, 2014 జూన్ 3న అప్పగింత పూర్తయింది. అందువల్ల ఇది హఠాత్తుగా వచ్చిపడిన మూసివేత కాదు.

మేము అద్దెకున్న ఇంటి యజమానురాలి కొడుకు స్థావరంలోని వంటశాలలో పనిచేసేవాడు. బయట అదే పనికి వచ్చేదానికన్నా అక్కడ జీతం బాగా ఎక్కువ; పైగా మాతో ధారాళంగా ఇంగ్లీషు మాట్లాడే స్థాయికి ఆ కొలువులోనే చేరుకున్నాడు. అది పోయాక ఊళ్లో ఆ జీతం ఇచ్చేవారు దొరకక, కొన్నాళ్లకు మాస్కోలో భవన నిర్మాణ పనులకు వెళ్లాడు. అక్కడ వేలాది కుటుంబాలకు తెలిసిన దారి అది: 2013లో ఆ దేశ స్థూల దేశీయోత్పత్తిలో దాదాపు మూడోవంతుకు సమానమైన సొమ్ము వలస కార్మికులు, ముఖ్యంగా రష్యాలో ఉన్నవారు, ఇంటికి పంపినదే. స్థావరం అద్దె స్థూల దేశీయోత్పత్తిలో ఒక శాతానికి కూడా చేరదు.

అసలు దెబ్బ ఆ రష్యా వైపు నుంచే తగిలింది. 2014 చివర చమురు ధర, దానితోపాటు రూబుల్ కుప్పకూలడంతో అతడు పంపే డబ్బు విలువ బాగా తరిగిపోయింది. 2014 ఆరంభంలో డాలరుకు సుమారు 50 ఉన్న సోమ్ (కిర్గిజ్ కరెన్సీ), 2015 ముగిసేసరికి 75 దాటింది. మాస్కోవ్‌స్కయా, సోవెత్‌స్కయా వీధుల కూడలిలో వరుసగా ఉండే డబ్బు మార్పిడి దుకాణాలలో ఉదయం చూసిన రేటు సాయంత్రానికి ఉండేది కాదు. అమెరికావాళ్లు వెళ్లిపోయారు కాబట్టే డాలరు దొరకడం లేదని వరుసలో నిలబడినవారు అనుకోవడం నేను విన్నాను. రెండూ వెంట వెంటనే జరగడం వల్ల ఆ నమ్మకం బలపడి ఉంటుంది.

అయినా స్థావరం ఉండాలని కోరుకున్నవారు నాకు పెద్దగా తారసపడలేదు. 2006లో గేటు దగ్గర ఒక స్థానిక లారీ డ్రైవరును అమెరికన్ సైనికుడు కాల్చి చంపినా, అతడిని కిర్గిజ్ కోర్టులో విచారించే వీలు లేకపోయిందన్న కోపం ఏళ్ల తర్వాత కూడా మాటల్లో వినబడేది. ఇంధన కాంట్రాక్టుల లాభాలు పాలకుల కుటుంబాలకే చేరాయన్న ఆరోపణలు సరేసరి. అలాగని విదేశీ సైన్యాలేవీ వద్దన్నదే దీనికి కారణమంటే నేను నమ్మను. నగరానికి తూర్పున దాదాపు 20 కిలోమీటర్ల దూరంలోని కాంత్‌లో 2003లో ఏర్పడిన రష్యా స్థావరాన్ని ఎవరూ ఖాళీ చేయించలేదు.