దామాషా ఓటు: సీట్లు సమానం, బేరం ఎవరిది?

ప్రశ్న: 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వైసీపీకి దాదాపు 50 శాతం ఓట్లకే 175లో 151 సీట్లు వచ్చాయి. 39 శాతం తెచ్చుకున్న తెలుగుదేశానికి దక్కినవి 23. ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు పంచే దామాషా పద్ధతి పెడితే ఈ అన్యాయం పోదా?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: సీట్ల లెక్క సరిపోతుంది. 39 శాతానికి 68 సీట్లు వచ్చేవి. మీ ఫిర్యాదు న్యాయమైనదే. కానీ సీట్లు వేరు, అధికారం వేరు. సగానికి ఆరు సీట్లు తక్కువైన పెద్ద పార్టీకి ఆ ఆరూ ఉన్న చిన్న పార్టీ దొరికితేనే ప్రభుత్వం. అప్పుడు ఆ ఆరు సీట్లకు ఎంత ధర పలుకుతుందో ఓటరు చేతిలో ఉండదు.

ఇజ్రాయెల్‌ను చూడండి. అక్కడ దేశమంతా ఒకే నియోజకవర్గం, ఓటు మనిషికి కాదు, పార్టీ జాబితాకు. 120 సీట్ల సభలో మెజారిటీ అంటే 61. ఏ ఎన్నికల్లోనూ ఒక్క పార్టీకి అన్ని రాలేదు. 2021 మార్చిలో నఫ్తాలీ బెన్నెట్ పార్టీ యమీనాకు వచ్చినవి 6 శాతం ఓట్లు, 7 సీట్లు. ఎన్నికల ముందు మరో పార్టీ నేత యాయిర్ లాపిడ్‌ను ప్రధాని కానివ్వనన్న బెన్నెట్, ఫలితాలు వచ్చాక ఆ పదవిని వంతులవారీగా పంచుకునేలా ఆయనతోనే ఒప్పందం కుదుర్చుకుని తానే ముందు ప్రధాని అయ్యారు. ఎనిమిది పార్టీల ఆ కూటమి జూన్ 13న 60–59తో గట్టెక్కింది. మరుసటి ఏప్రిల్‌లో యమీనా సభ్యురాలు ఒకరు బయటికి వెళ్లగానే సభ 60–60 అయింది. చివరికి సభ రద్దయింది. జులైలో లాపిడ్ ప్రధాని, నవంబరులో మళ్లీ ఎన్నికలు. 2019 ఏప్రిల్ నుంచి అవి అయిదోవి!

పొత్తులు మనకూ కొత్త కాదు. అయితే మన దగ్గర సీట్ల సర్దుబాటు ఎక్కువగా పోలింగుకు ముందే తేలుతుంది, జనం దాన్ని చూసి ఓటేస్తారు. దామాషాలో అసలు బేరం ఓట్లు లెక్కించాక మొదలవుతుంది. నా దృష్టిలో ఈ పద్ధతిలో పెద్ద లోపం ఇదే.

ప్రశ్న: కనీసం ఇంత శాతం ఓట్లు రావాలని నియమం పెడితే చిన్న పార్టీల బెడద తీరదా?
- ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: కొంత తీరుతుంది, కొత్త చిక్కు తెస్తుంది. ఇజ్రాయెల్‌లో 2014 నుంచి ఆ గీత 3.25 శాతం. 2022లో చెల్లిన ఓట్లు సుమారు 47.6 లక్షలు, అంటే గీత 1.55 లక్షల దగ్గర పడింది. మెరెట్జ్ పార్టీ 3.16 శాతంతో సుమారు నాలుగు వేల ఓట్లు తక్కువై ఒక్క సీటూ లేకుండా పోయింది. బలద్‌ కూడా 2.9 శాతం దగ్గరే ఆగింది. రెండూ అప్పటి ప్రతిపక్ష నేత నెతన్యాహును వ్యతిరేకించేవే. అటూ ఇటూ ఓట్లు దాదాపు సమానంగా పడినా సీట్లు మాత్రం నెతన్యాహు వైపు 64, అవతల 56 అయ్యాయి. జర్మనీలో గీత 5 శాతం. 2025లో బీఎస్‌డబ్ల్యూ అనే పార్టీ 4.98 దగ్గర ఆగి, పదివేల లోపు ఓట్ల తేడాతో బయటే ఉండిపోయింది.

ఇంకో సంగతి. గీత దాటడానికి అతివాద భావాల చిన్న పార్టీలు ఒకే జాబితాగా కలుస్తాయి. 2022లో రిలీజియస్ జియోనిజం, ఓట్జ్మా యెహుదిత్, నోఅమ్ కలిసి 14 సీట్లు గెలిచి, ఎన్నికలవగానే మూడు ముక్కలయ్యాయి. జాబితా చూసి ఓటేసినవారికి సభలో ఆ జాబితాయే లేదు.

ప్రశ్న: మన దేశంలో దామాషా ఎక్కడైనా ఉందా?
- ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: రాజ్యసభ ఎన్నికల్లో ఉంది, ఓటర్లు ఎమ్మెల్యేలు. పార్టీ జాబితా ఉండదు. అభ్యర్థులకు 1, 2, 3 అని ప్రాధాన్యం రాస్తారు. ఒక్కో ఓటు విలువ 100. తెలంగాణలో 119 మంది మూడు సీట్లకు ఓటేస్తే 11,900ను సీట్ల కన్నా ఒకటి ఎక్కువతో, అంటే నాలుగుతో భాగించి ఒకటి కలపాలి: 2,976. అంటే 30 మొదటి ప్రాధాన్య ఓట్లుంటే గెలుపు ఖాయం. 39 మంది ఉన్న పార్టీ ఒక సీటు తీసుకుంటుంది, ఇంకా తొమ్మిది మంది ఓట్ల విలువ మిగులుతుంది. ఎనిమిది మంది ఉన్న పార్టీకి సొంతంగా సీటు రాదు గానీ, ఇంకొకరికి చివరి సీటుకు కొన్ని ఓట్లు తక్కువైనప్పుడు దాని గుమ్మం ముందు నిలబడక తప్పదు. ఈ బేరాలు చాటుగా జరగకూడదనే 2003లో చట్టం మార్చి ఓటు బహిరంగం చేశారు. పార్టీ ఎమ్మెల్యే తన బ్యాలెట్‌ను పార్టీ ఏజెంటుకు చూపించాకే పెట్టెలో వేయాలి.