తీర్పు అనుకూలంగా వచ్చినా చెరోకీలను ఎలా వెళ్లగొట్టారు?

1832లో అమెరికా సుప్రీంకోర్టు చెరోకీలనే అక్కడి ఆదివాసుల పక్షాన నిలిచినా, 1838లో సైన్యం వారిని తమ భూమి నుంచి ఎలా వెళ్లగొట్టగలిగిందన్న మీ సందేహం న్యాయమైనదే. ఆ వ్యాజ్యం నేరుగా తరలింపు గురించినది కాదు. రాష్ట్ర అనుమతి లేకుండా చెరోకీల భూభాగంలో నివసించినందుకు జార్జియా రాష్ట్రం జైలులో పెట్టిన శామ్యూల్ వూస్టర్ అనే క్రైస్తవ మతబోధకుని శిక్ష గురించినది. ఆ భూమిపై జార్జియా చట్టాలు చెల్లవని ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ స్పష్టంగా చెప్పారు గాని, ఆదేశం వెళ్లింది జార్జియా న్యాయస్థానానికే, అధ్యక్షుడు జాక్సన్‌కు కాదు. జార్జియా దానిని లెక్కచేయలేదు. 1833 జనవరిలో గవర్నర్ వూస్టర్‌ను విడుదల చేయడంతో ఆ వ్యాజ్యం అక్కడితో ముగిసింది.

తరలింపునకు చట్టబద్ధమైన ముసుగు వేరే చోట దొరికింది. ఒప్పందాల ద్వారా ఆదివాసులతో భూమి మార్పిడి చేసుకునే అధికారాన్ని 1830 నాటి చట్టం అధ్యక్షునికి అప్పటికే ఇచ్చి ఉండగా, 1835 డిసెంబరులో మేజర్ రిడ్జ్ నాయకత్వంలోని చిన్న చెరోకీ వర్గమొకటి చెరోకీల రాజధాని న్యూ ఎకోటాలో అటువంటి ఒప్పందంపై సంతకం చేసింది. ఎన్నికైన నాయకుడు జాన్ రాస్, ఆయన వెంట ఉన్న అత్యధిక ప్రజలు దానిని తిరస్కరించారు. అయినా 1836లో సెనేట్‌లో అవసరమైన మూడింట రెండు వంతుల ఆమోదం ఒక్క ఓటు తేడాతో దక్కింది, ఇది నన్ను ఇప్పటికీ కలచివేసే విషయం. జనరల్ విన్‌ఫీల్డ్ స్కాట్ సైన్యం అమలు చేసింది ఆ ఒప్పందాన్నే. కాబట్టి మీ వ్యాసంలో తీర్పు కంటే న్యూ ఎకోటాకే ఎక్కువ చోటివ్వండి.