డ్రైనేజీ, వెంట్ పైపుల టెస్ట్‌కి ఎలా సిద్ధం కావాలి?

తిరుపతి బైరాగిపట్టెడలో కడుతున్న ఇంటికి ఇంజనీర్ డ్రైనేజీ, వెంట్ పైపుల (మురుగు గాలి పైకి పోయే పైపుల) లీకు టెస్ట్ చూస్తానన్నారు, ఏం చేయాలని అడిగారు కదా. ముందు గోడల్లో కొట్టిన గాడులు పూడ్చకుండా ఆపించండి. జాయింట్లు కంటికి కనబడాలి. పైపులు అతికించే సాల్వెంట్ సిమెంట్‌ని ఒక రోజు ఆరనివ్వండి.

కింద ఛాంబర్ దగ్గర, కమోడ్, ఫ్లోర్ ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే జాలీ) పాయింట్ల దగ్గర రబ్బరు ప్లగ్‌లు బిగించి, వెంట్ పైపు పైనుంచి నిదానంగా నీళ్లు నింపండి. సాధారణంగా జాయింట్ల మీద 3 మీటర్ల ఎత్తున నీళ్లు నిలిచి, 15 నిమిషాలు మట్టం తగ్గకూడదు. అంతస్తులు ఎక్కువైతే ఒక్కో అంతస్తు విడిగా చూడాలి.

పీవీసీ పైపుల్లో నీళ్ల బదులు కంప్రెసర్ గాలితో టెస్ట్ మాత్రం వద్దు, పగిలితే ముక్కలు ఎగిరి తగులుతాయి.

ముందురోజే మీరే నింపి, పైపులు కలిసే టీ ముక్కలు, మలుపు తిరిగే బెండుల అడుగున పొడి కాగితం అద్ది చూడండి. తడి తగిలితే ప్లంబర్ పైపైన పుట్టీ పూస్తానన్నా ఒప్పుకోవద్దు. ఆ ముక్క కోయించి కొత్తది వేయించండి.